కన్నీటి తరువాత ఏమి? – కష్టము, స్వస్థత ఇతివృత్తముగా గల తెలుగు నవలల పఠనము: ఒక కాపరత్వ పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో ఒక నవలను మెచ్చుకొనుటకు తరచుగా వాడే మాట ఒకటి ఉన్నది: "చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదు." ఈ ఒక్క మాటతో పుస్తకము విలువ తేలిపోయినట్లు భావిస్తాము. బోధకుడు ఆ నవలలోని ఒక సన్నివేశమును ఆదివారపు ప్రసంగములో ఉదాహరణగా చెప్తాడు. సంఘము కదిలిపోతుంది. కొందరు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ప్రసంగము బాగున్నదని అందరూ అంటారు. అయితే ఆ కన్నీరు ఏమి చేసినది? ఏడ్చినవాడు ఇంటికి వెళ్లిన తరువాత తన పొరుగువానిని వేరుగా చూచాడా? కష్టములో ఉన్నవాడికి ఆ కథ విన్నందున ఊరట కలిగినదా, లేక తన కష్టము ఇంకా తీరలేదన్న బాధ మరింత పెరిగినదా?

ఈ ప్రశ్న సాహిత్యమునకు మాత్రమే చెందినది కాదు. మన సంఘములలో సాక్ష్యము చెప్పుటకు ఒక వరుస స్థిరపడిపోయినది. మొదట కష్టము, తరువాత ప్రార్థన, చివరకు విడుదల. విడుదల పొందినవారు నిలబడి సాక్ష్యము చెప్తారు. ఇంకా పొందనివారు మౌనముగా కూర్చుంటారు. వారి కథకు మన ఆరాధన క్రమములో చోటు లేదు. నవలలను కూడా మనము ఇదే అలవాటుతో చదువుతున్నాము. ముగింపులో స్వస్థత ఉన్న నవల మంచిది, లేనిది నిరాశను కలిగించేది అని తీర్పు చెప్తున్నాము. ఈ తీర్పు సరియైనది కాదనియు, కష్టమును గూర్చిన మంచి తెలుగు నవలలు కాపరికి మరొక విధమైన చూపును నేర్పగలవనియు చూపుట ఈ వ్యాసము ఉద్దేశము. ఇందుకు నాలుగు నవలలను తీసుకొని, అవి స్వస్థతను ఏ విధముగా అర్థము చేసుకున్నవో పరిశీలించి, చివరగా వాటిని సంఘములో ఎలా చర్చించవచ్చునో సూచిస్తాము.

1. విశాఖపట్నము: ఒకే ఊరిలో రెండు గ్రంథాలయములు

తెలుగు క్రైస్తవ గ్రంథ చరిత్రలో విశాఖపట్నమునకు ప్రత్యేక స్థానమున్నది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో ఇక్కడికి వచ్చి, ఆనందరాయరు సహాయముతో సువార్తల అనువాదము ప్రారంభించారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించారు. వారు చేసిన అనువాదము ఆ తరువాత అచ్చయినది. ఇదే పట్నములో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ ముగించిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చు పడినది. తరువాతి తరములో జాన్ హే ఇక్కడ నుండే బైబిలు తెలుగు అనువాద సవరణకు తన జీవితమును వెచ్చించాడు.

ఇదే ఊరు ఆధునిక తెలుగు కథకు, నవలకు కూడా ఒక ముఖ్య కేంద్రము. న్యాయవాదిగా పనిచేస్తూ "అల్పజీవి", "రాజు-మహిషి", "గోవులొస్తున్నాయి జాగ్రత్త" రాసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) ఈ ఊరివాడుగానే పేరు పొందాడు. "యజ్ఞం" కథ రాసిన కాళీపట్నం రామారావు (1924–2021) ఈ పట్నములోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో చాలాకాలము ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. ఒక క్రైస్తవ పాఠశాల తరగతి గదులలో దశాబ్దములపాటు పాఠములు చెప్పిన మనిషి తెలుగు కథకు కొత్త దారి చూపాడు. అయినను మన వేదాంత విద్యాలయముల పాఠ్యక్రమములో ఈ రచయితల పేర్లు అరుదుగా వినబడతాయి. బైబిలు చదివే వీధి ఒకటి, నవల చదివే వీధి మరొకటి అన్నట్లుగా ఒకే ఊరిలో రెండు గ్రంథాలయములు ఏర్పడినవి.

ఈ దూరము వలన నష్టపోయినది ఎవరు? ఓడరేవు కళాసీలు, ఉక్కు కర్మాగారపు కార్మికులు, జాలరిపేటల కుటుంబములు, కాంట్రాక్టు పనులకు శ్రీకాకుళము, విజయనగరము పల్లెల నుండి వచ్చినవారు ఈ పట్నపు సంఘములలో ఉన్నారు. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు జరిగిన ఆందోళనలో 32 మంది ప్రాణములు కోల్పోయారు. ఆ కర్మాగారము కొరకు అనేక గ్రామములవారు భూములు విడిచారు. 1997 సెప్టెంబరు 14న చమురు శుద్ధి కర్మాగారములో అగ్నిప్రమాదము, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురములో విషవాయువు లీకు ఈ ఊరి జ్ఞాపకములో ఉన్నవి. ఇట్టి సంఘమునకు కాపరిగా ఉన్నవాడు కష్టమును గూర్చి నేర్చుకొనుటకు వ్యాఖ్యాన గ్రంథములు మాత్రమే చాలవు.

2. కొలమానము: నాతాను చెప్పిన కథ

"నవల కల్పితము కదా, సంఘమునకు వాక్యము చాలును" అనే అభ్యంతరము ఉన్నది. దీనికి జవాబు వాక్యములోనే ఉన్నది. మన ప్రభువు చెప్పిన ఉపమానములు కథలే. దొంగల చేతిలో పడినవానికి పేరు లేదు, ఊరు లేదు. అతడు చరిత్రలో ఉన్నాడా అని ఎవరూ అడగరు. రచయితలు విశ్వాసులు కారు గదా అనే రెండవ అభ్యంతరమునకు అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము జవాబిస్తుంది. ఏథెన్సులో పౌలు ఆ దేశపు కవుల మాటలను తన ప్రసంగములోనికి తీసుకున్నాడు.

అయితే కథ పుట్టించే భావావేశమును ఎలా అంచనా వేయాలి? దీనికి 2 సమూయేలు 12వ అధ్యాయము మంచి కొలమానము. నాతాను దావీదుకు ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదు మిక్కిలి కోపగించి, ఆ ధనవంతునికి శిక్ష విధించాడు. ఇక్కడ గమనించదగిన విషయము ఒకటి ఉన్నది. ఆ క్షణము వరకు దావీదు భావావేశము నిజమైనదే, న్యాయమైనదే. అయినను దాని వలన దావీదుకు ఏ ఖర్చూ లేదు. కథలోని దుర్మార్గుని మీద ఎంత కోపపడినా సింహాసనము కదలదు. ఆ వేలు తనవైపు తిరిగినప్పుడే కథ తన పని ముగించినది. కాబట్టి పాఠకుని కంట నీరు తెప్పించుట నవలకు సగము పని మాత్రమే. ఆ కన్నీరు పాఠకుని తన స్థానమును తాను చూచుకొనునట్లు చేసినదా అనునదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నతోనే ఇప్పుడు నవలలలోనికి వెళ్లుదము.

3. పోయినవన్నీ తిరిగి వచ్చే కథ: "రాజశేఖర చరిత్రము"

తెలుగు నవలా చరిత్ర ఒక పాదిరి కష్టకథతో ముడిపడి ఉన్నదన్న సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. కందుకూరి వీరేశలింగము 1878లో తన పత్రిక "వివేకవర్ధని"లో ప్రచురించుట మొదలుపెట్టిన "రాజశేఖర చరిత్రము"నకు ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్" ప్రేరణ. గోల్డ్‌స్మిత్ కథానాయకుడు ఒక గ్రామ పాదిరి. ఆస్తి పోయి, కుమార్తె దూరమై, చెరసాల పాలై, చివరకు అన్నీ తిరిగి పొందుతాడు. వీరేశలింగము ఈ చట్రమును ధవళేశ్వరములోని ఒక సంప్రదాయ గృహమునకు మార్చాడు. రాజశేఖరుడు పొగడ్తలకు లొంగి, బంగారము చేస్తానన్న బైరాగి చేతిలో మోసపోయి, దరిద్రుడై కుటుంబముతో ఊరు విడుస్తాడు. మార్గములో కుమార్తె రుక్మిణి చనిపోయినదనుకుంటారు. చివరకు ఆమె బ్రతికే ఉన్నదని తెలుస్తుంది, పోయిన సంపద తిరిగి చేరుతుంది.

ఈ నవల గొప్పతనము కష్టమునకు కారణమును చూపుటలో ఉన్నది. రాజశేఖరుని పతనము విధి వలన వచ్చినది కాదు. మూఢనమ్మకము, డాంబికము, ముఖస్తుతి కలిసి తెచ్చినది. ఇది సంస్కర్త చూపు. అయితే స్వస్థత విషయములో ఈ నవల మనకు ఒక అలవాటు నేర్పినది. స్వస్థత అనగా పోయినది పోయినట్లే తిరిగి దొరకుట అనే భావన అప్పటి నుండి మన కథలలో, సినిమాలలో, సాక్ష్యములలో స్థిరపడినది.

యోబు గ్రంథమును కూడా మనము ఇదే విధముగా బోధిస్తున్నాము. 42వ అధ్యాయములో రెండంతలు వచ్చినవని సంతోషముగా ముగిస్తాము. కాని అక్కడ రెండంతలు లెక్కించినది గొఱ్ఱెలను, ఒంటెలను, ఎద్దులను, గాడిదలను మాత్రమే. కొత్తగా పుట్టిన పదిమంది పిల్లలు చనిపోయిన పదిమందికి బదులు కాలేరు. బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లికైనా ఈ సంగతి చెప్పనవసరము లేదు. 1997లోనో 2020లోనో తన మనిషిని కోల్పోయిన కుటుంబమునకు రుక్మిణి కథ చెప్పి ఓదార్చుట సాధ్యము కాదు. వారి రుక్మిణి తిరిగి రాదు.

4. కన్నీరు రాని నవల: "అల్పజీవి"

1950లలో వెలువడిన "అల్పజీవి" నవల చదివి ఎవరూ పెద్దగా ఏడవరు. పైగా చాలామందికి విసుగు కలుగుతుంది. కథానాయకుడు సుబ్బయ్య ఒక చిన్న గుమాస్తా. అందరికంటే తాను తక్కువవాడినన్న భావము అతనిని తినివేస్తుంటుంది. పై అధికారి అంటే భయము, భార్య సావిత్రి అంటే భయము, దగ్గరి బంధువు అంటే భయము. ఆ బంధువు కొరకు కాంట్రాక్టరు గవరయ్య వద్ద తీసుకున్న డబ్బు అతని పీకకు చుట్టుకుంటుంది. మనోరమ పరిచయము అతనిలో ఏదో కదిలించినా, ఆ కదలికను కూడా అతడు భయముతోనే చూస్తాడు. సుబ్బయ్య తలలో పరుగెత్తే ఆలోచనలనే రచయిత కథనముగా మలిచాడు. తెలుగులో చైతన్య స్రవంతి పద్ధతికి తొలి ఉదాహరణలలో ఒకటిగా విమర్శకులు దీనిని పేర్కొంటారు.

కాపరులకు ఈ నవల ఎందుకు ముఖ్యము? మన సంఘములలో పెద్ద విపత్తులకు గురైనవారికంటె సుబ్బయ్యలే ఎక్కువ. వారి కష్టమునకు పత్రికలో వార్త రాదు. వారి కొరకు ఉపవాస ప్రార్థన ప్రకటించరు. కార్యాలయములో అవమానము, అప్పులవాని అడుగుల చప్పుడు, ఇంటిలో చులకన. ఈ మూడింటి మధ్య నలిగిపోయే మనిషికి మనము సాధారణముగా చెప్పే మాట "ధైర్యము తెచ్చుకోండి, విశ్వాసములో నిలబడండి" అని. ఈ నవల చదివిన తరువాత ఆ మాట ఎంత బోలుగా ఉన్నదో అర్థమవుతుంది. సుబ్బయ్యకు ధైర్యము లేకపోవుట ఒక తప్పు కాదు, ఒక గాయము. చిన్ననాటి నుండి ఇల్లు, బడి, కార్యాలయము అనే మూడు చోట్ల ఒక మనిషిని చిన్నబుచ్చుతూ వస్తే ఏర్పడిన గాయము. దానిని ఆజ్ఞతో మాన్పలేము.

ఇంకొక సంగతి. సుబ్బయ్య అమాయకుడు కాడు. అతడు లొంగిపోతాడు, దాచిపెడతాడు, తనకంటె బలహీనులు దొరికితే వారిని మనసులో చులకన చేస్తాడు. బాధితుడు మంచివాడుగా ఉంటేనే మనము జాలిపడతామన్న మన బలహీనతను ఈ నవల బయటపెడుతుంది. నాతాను వేలు ఇక్కడ మనవైపు తిరుగుతుంది. సంఘములో ఎవరికి సహాయము చేయాలో నిర్ణయించేటప్పుడు "యోగ్యులైన" కష్టజీవులనే ఎంచుకుంటున్నామా?

నవల చివరి పుట మూసేసరికి సుబ్బయ్య వీరుడై మనకు కనబడడు. ఇది లోపము కాదు, నిజాయితీ. మార్కు 8:22-25లో బేత్సయిదా గ్రుడ్డివానిని ప్రభువు స్వస్థపరచిన తీరు ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. మొదటిసారి చేతులుంచినప్పుడు అతనికి మనుష్యులు చెట్లవలె కనబడ్డారు. ప్రభువు అతనిని గద్దించలేదు, ఉన్నది ఉన్నట్లు చెప్పనిచ్చాడు, మరల చేతులుంచాడు. సగము చూపుతో ఉన్న మనిషి సగము చూపునే ఒప్పుకొనగల చోటు సంఘములో ఉండాలి. సుబ్బయ్య ఆ మొదటి స్పర్శ కూడా దొరకని మనిషి.

అయితే ఈ నవల మీద ఒక విమర్శ చేయక తప్పదు. మనము చూసేదంతా సుబ్బయ్య కళ్లతోనే. సావిత్రి మనకు అతని భయములో ప్రతిబింబముగా మాత్రమే కనబడుతుంది. అట్టి భర్తతో సంసారము ఈదుతున్న ఆమె కష్టము నవలలో పలకదు. చర్చలో ఒక స్త్రీ ఈ ప్రశ్న వేసినట్లయితే దానిని పక్కదారి అనుకోరాదు. "ఇదే కథను సావిత్రి చెప్తే ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్న నవలను పూర్తి చేస్తుంది.

5. స్వస్థపరచువాని గాయము: "చివరకు మిగిలేది"

బుచ్చిబాబు (1916–1967) రాసిన "చివరకు మిగిలేది" కథానాయకుడు దయానిధి వైద్యుడు. తల్లి గూర్చి లోకము పలికిన మాటలు అతనిని ఊరూరా వెంటాడతాయి. రాయలసీమ వరకు వెళ్లినా ఆ నీడ వదలదు. ఇతరుల రోగములకు మందు ఇచ్చే మనిషి తన గాయమునకు మందు లేక తిరుగుతుంటాడు.

కాపరులు ఈ నవలను తమ కొరకు చదవాలి. పరామర్శకు వెళ్లి ప్రార్థించి వచ్చేవాని ఇంటికి పరామర్శకు ఎవరు వస్తారు? తన కుటుంబమును గూర్చిన మాటలు ఊరిలో తిరుగుతుంటే కాపరి ఎవరితో చెప్పుకుంటాడు? చాలాసార్లు మనము కూడా దయానిధివలె ఊరు మారుట, పని పెంచుకొనుట అనే రెండు మందులు వాడతాము. ఈ నవలకు కూడా ఒక పరిమితి ఉన్నది. దయానిధి స్వస్థతను తన మనసులోనే, కొద్దిమంది స్త్రీలతో గల సంబంధములలోనే వెదుకుతాడు. ఒక సమాజముగా కలిసి మోయుట అనేది అతనికి తెలియదు. ఆ సమాజమే అతనికి గాయము చేసినది గనుక ఇది సహజమే. కాని ఒకరి భారములనొకరు మోయుట తమ ధర్మమని చెప్పుకొనే సంఘము ఈ లోటును గమనించి, తనను తాను ప్రశ్నించుకొనాలి.

6. జ్ఞాపకమే ఔషధము: "అంటరాని వసంతం"

జి. కళ్యాణరావు రాసిన "అంటరాని వసంతం" 2000లో వెలువడినది. తెలుగు సంఘములు చదువవలసిన నవల ఒక్కటే చెప్పమంటే దీనినే చెప్పాలి. రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకములుగా సాగే ఈ నవలలో తరతరముల దళిత జీవితము ఉన్నది. పాట కొరకు ఊళ్లు తిరిగే ఎల్లన్న, అతని కొరకు ఎదురుచూచే సుభద్ర, కరువులో ఊరు విడిచే శివయ్య, శశిరేఖ, ఆపైన రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ. శివయ్య సీమోనుగా మారుటతో ఆ కుటుంబము సంఘ చరిత్రలో అడుగుపెడుతుంది.

ఈ భాగమునకు వెనుక ఉన్న చరిత్ర మనకు సుపరిచితము. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల భాగమునకు కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. కరువు సహాయము సాగుతున్నంతకాలము, అన్నము కొరకు వచ్చారనే మాట రాకుండునట్లు, బాప్తిస్మములను ఆపి ఉంచాడు. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన సంఘ చరిత్ర పుస్తకములు ఈ సంఖ్యను గర్వముతో చెప్తాయి. నవల ఆ సంఖ్యలోని ఒక మనిషి కడుపును, కాళ్ల పగుళ్లను, చనిపోయిన వారి పేర్లను చెప్తుంది. ఆకలి అందరిదీ ఒక్కటే అయినా పని దొరికే చోట కూడా కులము ఎలా అడ్డు నిలిచినదో చూపుతుంది. సంఖ్య చెప్పేవాడు, పేర్లు చెప్పేవాడు ఇద్దరూ సత్యమే చెప్తున్నారు. అయితే కాపరికి ఉండవలసినది పేర్ల జ్ఞాపకము.

బాప్తిస్మముతో కష్టము ముగిసినదని ఈ నవల చెప్పదు. కులము గుడి దాటి చర్చి ఆవరణలోనికి కూడా వచ్చినదని చెప్తుంది. ఈ మాట కాపరులకు ఇబ్బంది కలిగిస్తుంది. సమాధుల తోటలో స్థలము, పెండ్లి సంబంధములు, సంఘ పెద్దల ఎన్నికలు అనే మూడు చోట్ల ఈ మాట అబద్ధమని ఋజువు చేయగల సంఘములు ఎన్ని ఉన్నవో మనలో మనము ప్రశ్నించుకుందము. యిర్మీయా 6:14లో ప్రవక్త, ప్రజల గాయమును పైపైన మాన్పి సమాధానము పలికిన వారిని గద్దిస్తాడు. ఈ నవల చేసే పని అదే.

మరి ఇందులో స్వస్థత ఎక్కడ ఉన్నది? రూతు జ్ఞాపకములో ఉన్నది. చనిపోయినవారు తిరిగి రారు. కాని వారి పేర్లు, పాటలు మరుగుపడలేదు. పుస్తకములకెక్కని ఎల్లన్న పాట ఒక ముసలమ్మ నోట బ్రతికి ఉన్నది. బైబిలులోని నయోమి తనను మారా అని పిలువుమని అడిగినప్పుడు (రూతు 1:20) ఆమె చేదును ఎవరూ సరిదిద్దలేదు. కోడలు రూతు ఆమె వెంట నడిచినది. ఈ నవలలోని రూతు కూడా చేదును దాచకుండా దానివెంట నడుస్తుంది.

దీని మీద కూడా విమర్శ ఉన్నది. ఎల్లన్న, సుభద్రల భాగములో ఉన్న నిండుతనము చివరి తరముల కథలో లేదు. సంవత్సరములు త్వరత్వరగా దొర్లిపోతాయి. ఇమ్మానుయేలు, జెస్సీ మనుషులుగా కంటె ఒక వాదమునకు ప్రతినిధులుగా ఎక్కువ కనబడతారు. నవల చివరకు సూచించే సాయుధ పోరాట మార్గముతో క్రైస్తవ పాఠకుడు ఏకీభవించనవసరము లేదు. అయితే ఆ ముగింపును సాకుగా తీసుకొని మొదటి మూడు తరముల సాక్ష్యమును తోసివేయుట న్యాయము కాదు. వైద్యుని మందు నచ్చనంత మాత్రమున అతడు చెప్పిన రోగనిర్ధారణ తప్పు కాదు. సంఘము తాను మరొక మార్గము చూపగలనని నమ్మినట్లయితే, ఆ మార్గమును సమాధుల తోట దగ్గర నుండి ప్రారంభించాలి.

7. సంఘములో చర్చించు విధానము

పై పరిశీలన ఆధారముగా కొన్ని ఆచరణాత్మక సూచనలు చేయవచ్చును.

మొదటిది, నవలను ఉదాహరణగా కోసి వాడవద్దు. ఒక కన్నీటి సన్నివేశమును తీసి ప్రసంగములో పెట్టినప్పుడు కారణములు పోతాయి, భావావేశము మాత్రమే మిగులుతుంది. దీనికి బదులు ఎనిమిది పదిమంది కూడి నెలకు కొన్ని అధ్యాయములు చదువుట మేలు. చదువు రానివారు, కళ్లు కనబడని పెద్దలు ఉన్నచోట ఒకరు పైకి చదవాలి. రావిశాస్త్రి భాష కళింగాంధ్ర యాస తెలిసినవారు చదివితే మరింత బాగా అర్థమవుతుంది. బోధకునికంటె ఓడరేవులో పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దాయనే దీనికి తగినవాడు కావచ్చును.

రెండవది, మూడు ప్రశ్నలు చాలు. ఈ కథలో నష్టపోయినది ఎవరు? ఆ నష్టము వలన లాభపడినది ఎవరు? స్వస్థత కలిగినట్లయితే దానికి ఖర్చు పెట్టుకున్నది ఎవరు? ఈ ప్రశ్నలు జాలి దగ్గర ఆగిపోకుండా న్యాయము వరకు నడిపిస్తాయి. "దీనిలో నీతి ఏమిటి?" అనే ప్రశ్నను చివరి వరకు ఆపి ఉంచుట మంచిది. నీతి తేలగానే చర్చ ముగిసిపోతుంది.

మూడవది, ఎవరినీ సాక్ష్యము చెప్పమని ఒత్తిడి చేయవద్దు. అగ్నిప్రమాదములో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ గదిలో ఉండవచ్చును. భూమి పోయినవారు, ఉద్యోగము పోయినవారు ఉండవచ్చును. నవల వారికి ఒక తెరవంటిది. సుబ్బయ్యను గూర్చి మాట్లాడుతూ తమను గూర్చి మాట్లాడుకొనే స్వేచ్ఛ వారికి ఉండాలి. "ఇది మీ కథే కదా" అని తెర తీసే హక్కు మనకు లేదు. నాతాను ఆ వేలు చూపినది రాజుకు గాని, గొఱ్ఱెపిల్లను పోగొట్టుకున్న పేదవానికి కాదు. గదిలో చెప్పిన మాట గదిలోనే ఉండాలి. మరుసటి ఆదివారపు ప్రసంగములో పేరు మార్చి చెప్పుట కూడా నమ్మకద్రోహమే.

నాల్గవది, మౌనమునకు చోటివ్వాలి. యోబు స్నేహితులు ఏడు దినములు మాట్లాడక కూర్చున్నంతవరకు మంచి కాపరులే. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిపోయారు. దేవుడు చివరకు కోపపడినది వారి మీదనే గాని, మొరపెట్టిన యోబు మీద కాదు (యోబు 42:7). చర్చ చివర ప్రార్థనతో అన్నిటినీ సర్దిపెట్టవలెనన్న తొందర వద్దు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. దానిని మన కీర్తనల గ్రంథములో ఉంచినవారికి ఆ ముగింపును దిద్దవలెనని తోచలేదు.

ఐదవది, నవల మందు కాదని తెలిసి ఉండాలి. చర్చలో ఎవరైనా నిద్రపట్టని రాత్రులను గూర్చి, బ్రతుకు మీద విరక్తిని గూర్చి మాట్లాడినట్లయితే పుస్తకము పక్కన పెట్టి వారిని వైద్యుని యొద్దకు తీసుకువెళ్లాలి. ఈ ఊరిలోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో లభిస్తుంది. ప్రార్థనకు, చికిత్సకు మధ్య పోటీ లేదు. వెంట వెళ్లే మనిషి ఉన్నప్పుడు రెండూ ఫలిస్తాయి.

ముగింపు

నాలుగు నవలలు నాలుగు విధములుగా స్వస్థతను చూచినవి. "రాజశేఖర చరిత్రము"లో స్వస్థత తిరిగి పొందుట. "అల్పజీవి"లో స్వస్థత ఇంకా రాలేదు. "చివరకు మిగిలేది"లో స్వస్థపరచువాడే రోగి. "అంటరాని వసంతం"లో స్వస్థత మరచిపోకుండుట. మన ప్రసంగములు మొదటిదానిని మాత్రమే ఎరుగును. కడమ మూడింటిని కూడా నేర్చుకున్న కాపరి సాక్ష్యము ఇంకా పూర్తికాని విశ్వాసిని చూచి తొందరపడడు, "మీకు ఎప్పుడు విడుదల కలుగుతుంది?" అని అడగడు.

పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు కనబడినప్పుడు చేతులలో మేకుల గురుతులు ఉన్నవి. మహిమ శరీరములో కూడా గాయపు గురుతులు చెరిగిపోలేదు. తోమాకు ఆయన చూపినది వాటినే. గాయము కనబడకుండా చేయుటయే స్వస్థత అని బోధించే సంఘము ఈ సంగతిని మరచినది. మన గాయములను దాచకుండా చూపగలిగిన చోటులు సంఘములో ఏర్పడుటకు ఒక నవల, పదిమంది పాఠకులు, తొందరలేని ఒక సాయంకాలము చాలును.